పది పేర్ల ప్యాకెట్లు, ఒకే ధనియాల పొడి

మసాలా ప్యాకెట్లన్నీ కుక్కి పెట్టే డబ్బా ఒకటి దాదాపు ప్రతి వంటింట్లోనూ ఉంటుంది. చికెన్ మసాలా, మటన్ మసాలా, చేపల పులుసు మసాలా, గుడ్డు కూర మసాలా, సాంబారు పొడి, రసం పొడి, ఎవరో బాగుందంటే తెచ్చిన కిచెన్ కింగ్, పండక్కి కొని సగం వాడి రబ్బరు బ్యాండు చుట్టి పెట్టిన బిర్యానీ మసాలా. ఒక ఆదివారం పూట వాటన్నిటినీ బల్ల మీద పరిచి, వెనక్కి తిప్పి, లోపల ఏమేం కలిపారో చిన్న అక్షరాల్లో రాసిన చోటు చదవండి. బరువులో ఎక్కువ ఉన్న దినుసు పేరు ముందు, తక్కువ ఉన్నది చివర రాయాలన్నది మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన. ఆ వరుస చూస్తే చాలు, ప్యాకెట్ కథ సగం తెలిసిపోతుంది.

చాలా వాటిలో మొదటి పేరు ధనియాలు. తరువాత ఎండుమిర్చి, జీలకర్ర, పసుపు. కొన్నింటిలో నాలుగో చోటో ఐదో చోటో ఉప్పు. యాలకులు, జాపత్రి, జాజికాయ ఎక్కడో చివర ఉంటాయి. కోడి బొమ్మ ఉన్న ప్యాకెట్‌కీ మేక బొమ్మ ఉన్న ప్యాకెట్‌కీ తేడా చాలాసార్లు ఆ చివరి రెండు మూడు పేర్లలోనే. అంటే మనం ఒకే ధనియాల పొడిని, ఒకే కారాన్ని పది పేర్లతో పదిసార్లు కొంటున్నాం. ఇంట్లో పొడులు కొట్టుకుంటే డబ్బు మిగులుతుందనే మాట నిజమే కానీ, అసలు ఆదా కిలోకి ఎంత తగ్గిందన్న దానిలో కన్నా, కొనడం మానేసిన ప్యాకెట్లలో ఉంది.

ముందు సాంబారు పొడి లెక్క చూద్దాం. ధరలు ఊరికో తీరు, నెలకో తీరు. కాబట్టి ఇక్కడ లెక్క సులువు కోసం గుండ్రంగా వేసుకున్న అంకెలివి, మీ కిరాణా కొట్టు ధరలు పెట్టి మళ్లీ వేసుకోండి. ధనియాలు పావుకిలో, కిలో 160 చొప్పున 40 రూపాయలు. ఎండుమిర్చి 100 గ్రాములు, కిలో 240 అనుకుంటే 24 రూపాయలు. పచ్చిశనగపప్పు 50 గ్రాములకు 5 రూపాయలు. జీలకర్ర 25 గ్రాములు, కిలో 320 చొప్పున 8 రూపాయలు. మిరియాలు 20 గ్రాములు, కిలో 800 అనుకుంటే 16 రూపాయలు. మెంతులు 15 గ్రాములకు రూపాయిన్నర. మొత్తం 460 గ్రాములకు 94 రూపాయల యాభై పైసలు. గుప్పెడు కరివేపాకు, చిటికెడు ఇంగువ, కాస్త పసుపు, గ్యాసు, కరెంటు కలిపి 110 వేసుకుందాం. వేయించాక తేమ పోయి, మిక్సీ గిన్నెకు అంటుకున్నది పోయి 430 గ్రాములు చేతికొచ్చిందనుకుంటే, వంద గ్రాములకు పాతిక రూపాయల చిల్లర. ఇప్పుడు ప్యాకెట్ల మీద మొత్తం ధర పక్కనే గ్రాముకు ఎంత పడుతుందో కూడా ముద్రిస్తున్నారు. పేరున్న కంపెనీ సాంబారు పొడి పక్కన ఈ పాతికను పెట్టి చూస్తే, బజారుది రెట్టింపో అంతకన్నా ఎక్కువో ఉండటం మామూలే.

ఇక్కడ ఆదా ఎందుకు వచ్చిందో గమనించాలి. పొడిలో సగానికి పైగా బరువు ధనియాలది, అది చవక దినుసు. దాన్ని వేయించి, పొడి చేసి, రంగుల అట్టపెట్టెలో పెట్టి, టీవీలో చూపించినందుకే మనం ఎక్కువ కడుతున్నాం. చవక దినుసు మీద పని ఎక్కువ జరిగిన ఏ పొడికైనా ఇదే వర్తిస్తుంది. రసం పొడి, కూర పొడి, ఇడ్లీ కారప్పొడి, ధనియాల పొడి అన్నీ ఈ జాతివే. సాంబారు పొడి, రసం పొడి, కూర పొడి నిజానికి ఒక ఇంటి బిడ్డలు. రసం పొడిలో మిరియాలు, జీలకర్ర పెరుగుతాయి, శనగపప్పు చోట కందిపప్పు వస్తుంది. వంకాయ, దొండకాయ వేపుళ్ల మీద చల్లే కూర పొడిలో శనగపప్పు, మినప్పప్పు పాలు పెరిగి మెంతులు పోతాయి.

గరం మసాలా దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. దాల్చిన చెక్క 35 గ్రాములు, లవంగాలు 25, యాలకులు 20, షాజీరా 10, మిరియాలు 10 కలిపి వంద గ్రాములు చేశారనుకోండి. కిలో చెక్క 400, లవంగాలు 1000, యాలకులు 3000, షాజీరా, మిరియాలు 800 చొప్పున వేస్తే వరుసగా 14, 25, 60, 8, 8. మొత్తం 115 రూపాయలు. బజారులో వంద గ్రాముల గరం మసాలా ఇంతకే, కొన్నిసార్లు ఇంతకన్నా తక్కువకే దొరుకుతుంది! బరువులో ఐదో వంతు ఉన్న యాలకులు ఖర్చులో సగానికి పైగా మింగేశాయి.

మరి కంపెనీ వాడు ఎలా ఇస్తున్నాడు? మళ్లీ ప్యాకెట్ వెనక్కి తిప్పండి. గరం మసాలా అని రాసి ఉన్నా చాలావాటిలో ధనియాలు, జీలకర్ర, మిర్చి ముందు వరుసలో ఉంటాయి. అందులో మోసం లేదు, పేరు అలా వాడుకలోకి వచ్చింది, వాడు రాసే అమ్ముతున్నాడు. కానీ ఆ పొడి చెంచా వేస్తే వచ్చే ఘాటుకు, అచ్చంగా చెక్కా లవంగం యాలకులతో చేసినది పావు చెంచా చాలు. కాబట్టి ఇంటి గరం మసాలా లాభం కిలో ధరలో కనిపించదు, కూరకు ఎంత వేశామన్న దానిలో కనిపిస్తుంది. అలవాటు కొద్దీ పాత చెంచా కొలతే వేసేవాళ్లకు మాత్రం ఇంటి మసాలా ఖరీదే, పైగా కూర చేదెక్కుతుంది. యాలకులను పొట్టుతో సహా వేసి పొడి చేసుకోవచ్చు. పాయసానికి గింజలు తీసుకున్నప్పుడు మిగిలే తొక్కల్ని పంచదార డబ్బాలో పడేస్తే టీకి పనికొస్తాయి.

బిర్యానీ మసాలా గురించి నా అభిప్రాయం వేరు. ఏడాదికి రెండు మూడుసార్లు బిర్యానీ వండే ఇల్లయితే కొనుక్కోవడమే మేలు. అనాసపువ్వు, మరాఠీ మొగ్గ, రాతిపువ్వు, జాపత్రి, జాజికాయ, నల్ల యాలకులు అంటూ పది దినుసులు యాభై గ్రాముల చొప్పున తెస్తే, చిన్న ప్యాకెట్ డబ్బుకు ఎన్నో రెట్లు పోతుంది. మిగిలినవి డబ్బాలో ఏళ్ల తరబడి వాసన పోగొట్టుకుంటాయి. నెలకోసారి వండేవాళ్లు, ఉమ్మడిగా ఇద్దరు ముగ్గురు పంచుకునేవాళ్లు బేగంబజార్ లాంటి టోకు బజారుకు వెళ్లి తెచ్చుకుంటే అది వేరే సంగతి.

ఇవన్నీ చూశాక తేలేది, మామూలు ఇంటికి నిజంగా కావలసినవి మూడే. ఒకటి, ధనియాలూ జీలకర్రా నాలుగింటికి ఒక వంతుగా కలిపి దోరగా వేయించి చేసిన పొడి. రెండు, మంచి కారం. మూడు, చిన్న సీసాలో ఘాటైన గరం మసాలా. కోడికూరకు ఈ మూడూ వేసి దంచిన మిరియాలు చేర్చితే చికెన్ మసాలా అయింది. మాంసానికి గసగసాలు, ఎండుకొబ్బరి అప్పటికప్పుడు నూరి కలిపితే మటన్ మసాలా. చేపల పులుసుకు గరం మసాలా మాట మరిచిపోయి, వేయించిన మెంతులు, జీలకర్ర పొడి చివర్లో చల్లాలి. గోదావరి వైపు వండేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. గుత్తివంకాయకు మొదటి రెంటితో పాటు వేయించిన పల్లీలు, నువ్వులు. చికెన్ 65 పొడి అని అమ్మేదాంట్లో మొక్కజొన్న పిండి, బియ్యప్పిండి, ఉప్పు, పులుపు కోసం ఏదో ఒక ఆమ్లం, తరచూ రంగు కలిసి ఉంటాయి. పిండీ ఉప్పూ మన డబ్బాల్లోనే ఉన్నాయి, పులుపుకు నిమ్మకాయ ఉంది, రంగు అక్కర్లేదు. ఉప్పును మసాలా ధరకు కొనడం అన్నిటికన్నా అన్యాయమైన బేరమని నాకనిపిస్తుంది.

కారం సంగతి కాస్త విడిగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే తెలుగు ఇంట్లో పొడుల ఖర్చులో పెద్ద వాటా దానిదే. ఎండుమిర్చి కొత్త పంట ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు యార్డుకూ, వరంగల్ ఎనుమాములకూ, ఖమ్మానికీ జోరుగా వస్తుంది. సరుకు తాజాగా, రంగు మీద ఉండేది అప్పుడే. ఆ ఎండల్లోనే తొడిమలు తీసి, ఆరబెట్టి, ఏడాదికి సరిపడా కారం కొట్టించుకోవడం మన పాత పద్ధతి. మిర్చి అంతా ఒకటి కాదు. తేజ రకం బాగా ఘాటు. గుంటూరు దగ్గరి లాం పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన 334 రకం ఘాటూ రంగూ రెండూ ఉన్న మధ్యరకం. కర్ణాటక హావేరి జిల్లా బ్యాడగి మిర్చి ముడతలు పడి, ముదురెరుపుతో, తక్కువ కారంతో ఉంటుంది. వరంగల్ చపాటా కూడా రంగుకే ప్రసిద్ధి, 2025లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఘాటునిచ్చే క్యాప్సైసిన్ వేరు, రంగునిచ్చే పదార్థం వేరు కాబట్టి ఎర్రగా ఉన్నంత మాత్రాన కారంగా ఉండాలని లేదు. 334 రెండు పాళ్లు, బ్యాడగి ఒక పాలు కలిపి కొట్టిస్తే కూర ఎర్రగా కనిపిస్తుంది, పిల్లలూ తినగలుగుతారు. అచ్చం తేజ కొట్టిస్తే సగం చెంచాతో సరిపోతుంది, అదీ ఒక రకం ఆదా. రంగు మాత్రం రాదు.

కిలో ధర చూసి సంబరపడకముందు తరుగు లెక్క వేయండి. తొడిమల బరువు, ఎండలో పోయే తేమ, మరలో మిగిలిపోయేది అన్నీ తీసేస్తే కిలో మిర్చికి కిలో కారం రాదు. మర కూలి అదనం. అయినా మొత్తం మీద మిగులే. పిండి గిర్నీలో కారం పట్టించేటప్పుడు మీకన్నా ముందు ఎవరేం పట్టించారో అడగడం మంచిది, పసుపు పట్టించిన వెంటనే అయితే కారం రంగు మారుతుంది. వీలుంటే రోకళ్లతో కొట్టే మరకే ఇవ్వండి. చక్రాల మధ్య వేగంగా నలిగితే పొడి వేడెక్కి వాసన తగ్గుతుంది. ఉప్పు, ధనియాలు, జీలకర్ర, మెంతులు, వెల్లుల్లి కూడా వేసి కోస్తా జిల్లాల్లో కొట్టించుకునే సంబారు కారం ఉంటే సగం కూరలకు మరే పొడీ అవసరం పడదు.

చౌకగా వచ్చిందని మచ్చలు పడిన తాలు కాయలు కొనకండి. తేమ తగిలిన మిర్చి మీద ఆస్పర్‌జిల్లస్ అనే బూజు పెరిగి అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. అది కాలేయానికి చేటు. వేయించినా, పొడి చేసినా పోదు. ఆదా కోసం మొదలుపెట్టిన పనిలో ఇక్కడ మాత్రం పది రూపాయలు ఎక్కువ పెట్టాలి.

ఇక వేయించడం. అన్నీ ఒకే మూకుట్లో ఒకేసారి పోసి వేయిస్తే పని తొందరగా అవుతుంది కానీ పొడి చెడుతుంది. శనగపప్పు లోపలిదాకా వేగాలంటే సన్నని సెగ మీద చాలాసేపు పడుతుంది, జీలకర్రకు క్షణాలు చాలు. అందుకే దేనికది విడిగా వేయించాలి. పప్పులు ముందు, ధనియాలు తరువాత, మెంతులు రంగు తిరిగే దాకా మాత్రమే, జీలకర్ర, మిరియాలు వేడి మూకుట్లో పడి చిటపటమంటే తీసేయాలి. మెంతులు మాడితే పొడి అంతా చేదే, దానికి విరుగుడు లేదు. ఎండుమిర్చిని రెండు చుక్కల నూనెతో చివర వేయిస్తే దగ్గులు తక్కువ. కరివేపాకు చేత్తో నలిపితే గలగలమని పొడయ్యేంతగా వేగాలి, తడి మిగిలితే నెల తిరక్కుండానే పొడి గడ్డకడుతుంది.

వేయించడం వల్ల రెండు జరుగుతాయి. తేమ పోయి గింజ పెళుసుగా నలుగుతుంది, కొత్త వాసనలు పుడతాయి. గింజల్లో ఉండే సువాసన తైలాలు వేడికి ఆవిరైపోయే రకం, ధనియాల్లోని లినలూల్ అలాంటిదే. ఇల్లంతా గుమగుమలాడిందంటే ఆ మేరకు పొడిలోంచి పోయిందనే అర్థం. కాబట్టి దోరగా వేగగానే దించి, వెడల్పాటి పళ్లెంలో పోసి పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి మీద మిక్సీలో వేస్తే గిన్నె మూతకు ఆవిరి పట్టి పొడి తడుస్తుంది. మిక్సీ కూడా ఏకబిగిన తిప్పకుండా ఆపి ఆపి తిప్పాలి. పసుపు కొమ్ములు మాత్రం ఇంటి మిక్సీ జోలికి తేకండి, బ్లేడు విరగ్గొట్టేంత గట్టివి. దంచి ముక్కలు చేసి మరకు పంపడమే.

ఈ పనికి అరగంట, ముప్పావుగంట పడుతుంది. ఆ సమయం ఇంట్లో ఎవరిదో కూడా లెక్కలో వేసుకోవాలి. ఒక్కరి నడుం మీదే పడే ఆదాను ఆదా అనను. వేయించడం ఒకరు, చల్లారాక పొడి చేసి జల్లించడం ఒకరు చేసుకుంటే రెండు నెలలకోసారి పెద్ద భారం కాదు.

రెండు నెలలు అని ఊరికే అనలేదు. విడి దినుసు ఏడాది దాటినా వాసన నిలుపుకుంటుంది. పొడి చేశాక గాలి తగిలే మేర ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి వాసన త్వరగా పోతుంది. పప్పులు కలిసిన పొడికి పురుగు భయం కూడా ఉంది. చవగ్గా వచ్చిందని ఒకేసారి రెండు కిలోల సాంబారు పొడి చేసి పెడితే సగం నిస్సారమైపోతుంది, అప్పుడు చెంచాకు బదులు రెండు చెంచాలు పడతాయి, మిగిలిందనుకున్న డబ్బు అక్కడ పోతుంది. దినుసులు ఎక్కువ కొనండి, పొడి తక్కువ చేయండి. పెద్ద సీసా చీకటి అరలో, రోజూ వాడే చిన్న సీసా చేతికందేలా ఉండాలి, పొయ్యి పక్కన కాకుండా. ఏడాది కారం మాత్రం ఫ్రిజ్‌లో గాలి చొరబడని డబ్బాలో పెడితే రంగు నిలుస్తుంది. తీసినప్పుడల్లా డబ్బా మొత్తం బయట పెట్టి చెమ్మ పట్టనివ్వకుండా, నెలకు సరిపడా తీసుకుని వెంటనే లోపల పెట్టేయాలి. ఎండుకొబ్బరి, గసగసాలు, పల్లీలు నూనె ఎక్కువ ఉన్నవి కాబట్టి పొడి చేశాక కొన్ని వారాల్లోనే ముక్క వాసన వేస్తాయి. వాటిని నిల్వ పొడిలో కలపనే వద్దు.

ఇంట్లో చేసుకుంటే కల్తీ బెడద ఉండదంటారు. ఇది సగం నిజం. కారంలో ఇటుక పొడి, ధనియాల పొడిలో రంపపు పొట్టు కలపడం పొడిలోనే సులువు, గింజలో కుదరదు. పొడి మసాలాలు ప్యాక్ చేయకుండా విడిగా అమ్మకూడదని నిబంధన ఉన్నది అందుకే. గ్లాసు నీళ్ల మీద కారం చల్లితే రంగు గీతలుగా కిందికి దిగినా, అడుగున గరగరలాడే మడ్డి చేరినా అనుమానించాలి. కానీ విడి దినుసులకూ చిక్కులున్నాయి. మిరియాల్లో బొప్పాయి గింజలు కలుపుతారు, నీళ్లలో వేస్తే అవి తేలతాయి. పసుపు కొమ్ములకు మెరుపు కోసం సీసం ఉన్న లెడ్ క్రోమేట్ రంగు పట్టించడం బంగ్లాదేశ్‌లోనూ, మన దేశంలో కొన్ని చోట్లా బయటపడింది. అలాంటి కొమ్ములు ఇంట్లో దంచినా సీసం సీసమే. అందుకే పసుపు తెలిసిన రైతు దగ్గరో, అగ్‌మార్క్ ముద్ర ఉన్న ప్యాకెట్లోనో తీసుకోవడం నయం. దుగ్గిరాల, నిజామాబాద్ చుట్టుపక్కల వాళ్లకు ఈ దిగులు తక్కువ.

బజారులో కొనక తప్పనిది ఇంగువ. మనకు వచ్చే ఇంగువ పాలు ఎక్కువగా అఫ్గానిస్థాన్, ఇరాన్, ఉజ్బెకిస్థాన్ నుంచి దిగుమతి అవుతాయి. వాటికి మైదానో బియ్యప్పిండో, తుమ్మజిగురో కలిపి డబ్బాల్లో అమ్ముతారు. ఆ పిండి ఎంతో చూసి కొనండి. ముద్ద ఇంగువ ఖరీదైనా చిన్న పలుకును నేతిలో వేయించి పొడిలో కలిపితే నెలలు వస్తుంది.

దూరదేశాల్లో ఉండే పిల్లలకు ఇంటి పొడులు పంపడం మన దగ్గర మామూలు కాబట్టి ఒక హెచ్చరిక. గల్ఫ్ దేశాల్లో గసగసాలు నల్లమందు మొక్క గింజలన్న కారణంతో మాదకద్రవ్యాల కింద లెక్క. సింగపూర్‌లోనూ నిషేధమే. కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి దుబాయ్ వెళ్లే మనిషి సంచిలో అమ్మ ప్రేమగా కలిపిన గసగసాల మసాలా ఉంటే, అక్కడి విమానాశ్రయంలో అది కేసు అవుతుంది. ఆ మూటలోకి వెళ్లే మసాలాను గసగసాలు తగలని మిక్సీ గిన్నెలో విడిగా చేసి, చిక్కదనానికి వేయించిన శనగపప్పు వేసి, సీసా మీద ఏమేం ఉన్నాయో ఇంగ్లీషులో రాసి అంటించండి.